సాయన్న పొట్ట, షేక్ సెంటరులో నా కొలువు

రండి బిడ్డా, చాప మీద ఇంకా చోటుంది, దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో ఫోన్లు బోర్లా పెట్టి వినండి. షేక్ సెంటరులో పనికి చేరుతున్నాం, ఆ పని ఎట్లుంటుందో చెప్పమని మీలో ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. ఈ రాజవ్వ చదివింది మూడో తరగతి. రాసే చేయి నిదానమే కానీ, చూసింది మాత్రం చూసినట్టు గుర్తుంటుంది.

షేక్ అంటే ఏమీ లేదు. డబ్బాలో పొడి వస్తుంది. దాన్ని నీళ్లలో కలిపి, ఒక పూట భోజనం బదులు తాగాలి. బరువు తగ్గాలనుకునేవాళ్లు వస్తారు. బోధన్‌లో ఒక కిరాణా దుకాణం పైన, మెట్లెక్కి పోయే గదిలో మా సెంటరు ఉండేది. పొడి కలపడం, గ్లాసులు కడగడం, వచ్చినవాళ్ల నడుముకు టేపు చుట్టి కొలవడం నా పని. తర్వాత నిజామాబాద్‌లో ఒక పెద్ద సెంటరుకు మారాను. మోకాళ్లు ఇక మెట్లెక్కలేమన్నాక మానేశాను. మీకు పనికొచ్చేదంతా బోధన్‌లోనే నేర్చుకున్నాను.

మొదట గడియ చూడండి

ఏ సెంటరులో చేరినా మొదటి రోజు మిక్సీని చూడకండి, పొడి డబ్బాలను చూడకండి. బాత్రూం తలుపుకు గడియ సరిగ్గా పడుతుందో లేదో చూడండి.

మా సెంటరులో ఒకటే బాత్రూం. గడియ విరిగిపోయింది, లోపల సుతిలి తాడుతో కట్టుకోవాలి. కొత్తగా షేక్ మొదలుపెట్టినవాళ్లకు సుతిలి కట్టుకునే తీరిక ఎక్కడుంటుంది? అందుకని లోపలికి పోయినవాళ్లు పాట పాడాలని నియమం పెట్టాము. పాట వినిపిస్తే బయటివాళ్లు తలుపు తోయరు. లెక్కలు చెప్పి రిటైరైన ఒక పంతులు తనకు పాటలు రావని ఎక్కాలు చదివేవాడు. రెండో ఎక్కంలోనే బయటికి వచ్చాడంటే ఆ రోజు విరేచనాలు. పదమూడో ఎక్కం దాకా పోయాడంటే కడుపు బిగుసుకుంది. ఆయన నోరు తెరిచి చెప్పాల్సిన అవసరం లేకుండానే నేను గ్లాసులో పొడి తగ్గించేదాన్ని, లేదా నీళ్ల చెంబు ముందు పెట్టేదాన్ని. కిందున్న కిరాణా దుకాణానికి వచ్చినవాళ్లు మాత్రం పైన పిల్లలకు ట్యూషన్ చెప్తారనుకునేవాళ్లు. ఒకామె మనవణ్ణి చేర్పించడానికి కూడా వచ్చింది.

నవ్వండి, కానీ విషయం పట్టుకోండి. కొత్తగా తాగేవాళ్లలో చాలామందికి కడుపు ఉబ్బుతుంది, గ్యాస్ వస్తుంది, కొందరికి విరేచనాలు, కొందరికి మలబద్ధకం. ఆ పొడిలో పీచు ఉంటుంది, పాలపొడి ఉంటుంది, చక్కెర కాని తీపి ఏదో ఉంటుంది. కడుపుకు అవి కొత్త. పాలు పడనివాళ్లకు అది కూడా పడదు. నీళ్లు తాగనివాళ్లకు పీచు రాయిలాగా కూర్చుంటుంది. కొద్దికొద్దిగా మొదలుపెడితే ఎక్కువమందికి కొన్నాళ్లలో సర్దుకుంటుంది. ఈ మాట షేక్ ఇవ్వకముందే చెప్పాలి. ఇచ్చాక చెబితే తిట్టినట్టుంటుంది.

మా సారు కడుపును కడుపుగా చూడలేదు

సెంటరు యజమాని రామచందర్ సారు అంతకు ముందు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు పిండే మిషన్ల దగ్గర ఫోర్‌మన్. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఏవేవో చేసి, చివరికి ఈ సెంటరు పెట్టాడు. మనిషి మంచివాడు. ఫ్యాక్టరీ ఒంట్లోంచి పోలేదు, అంతే. ఎవరు వచ్చి రెండు గ్లాసులు కావాలన్నా ఒప్పుకునేవాడు కాదు.

"సీజను షురువైన నాడే ఫుల్లు లోడు ఏస్తరా ఎవలన్న? ముందుగాల ఉత్తగ తిప్పుతం. ఎన్క సగం లోడు. రోలర్లు దారికొచ్చినంక ఫుల్లు. నీ కడుపు గా రోలర్ల కన్న గట్టిదా?" అనేవాడు.

ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. సగం పొడి, రోజుకు ఒక్క పూట, నీళ్లలో, గుక్కగుక్కగా. ఇప్పటికీ అంతకన్నా మంచి పద్ధతి నేను చూడలేదు. చిక్కంతా ఆయన భాషతోనే. పొద్దున్నే వచ్చిన ఆడవాళ్లను "నిన్న పిప్పి మంచిగ పడ్డదా అమ్మా?" అని అడిగేవాడు. రసం పిండాక మిగిలే చెరుకు చెత్తను పిప్పి అంటాం కదా, ఆయన అడిగింది విరేచనం గురించి. వాళ్లకు సిగ్గుపడాలో కొట్టాలో తెలిసేది కాదు. నేను పక్కన నిలబడి దాన్ని మనిషి భాషలోకి మార్చేదాన్ని. రూలు ఎంత మంచిదైనా, వినేవాళ్లకు తెలిసే మాటలో చెప్పకపోతే ఏమవుతుందో సాయన్న విషయంలో చూశాను. దానికి వస్తాను. ముందు ఇంకొకటి చెప్పాలి.

విషం అనే మాట

కొన్నాళ్లు పట్నం నుంచి ఒక కోచ్ పిల్ల వచ్చింది. చలాకీ పిల్ల, చప్పట్లు కొట్టించేది. ఎవరికి విరేచనాలైనా, అది కడుపులోని విషం బయటికి పోవడమేనని చెప్పేది. ఎన్నిసార్లు పోతే అంత మంచిదట.

మాకు ఫాతిమా బీ అని ఒక పెద్దామె వచ్చేది. బోధన్‌లో పాత కుటుంబం, కొడుకుకు గాజుల దుకాణం. ఆమెకు షేక్ పడలేదు. రోజూ నీళ్ల విరేచనాలు. విషం పోతుందని కోచ్ పిల్ల చెప్తే ఆమె చాలాసేపు ఆలోచించి నన్ను పక్కకు పిలిచింది.

"పెండ్లైన సంది ఇంట్లనే తింటున్న బేటీ. గింత జహర్ నా పేట్ల ఎవలు పెట్టిండ్రు?"

ఆ ఇంట్లో వంట చేసేది కోడలు. ఇక చూడండి. ఫాతిమా బీ ఆ రోజు నుంచి మొదటి ముద్ద పిల్లికి పెట్టి, పిల్లి బాగానే ఉంటే తాను తినడం మొదలుపెట్టింది. పిల్లికి ఏమైనా కావడానికి టైమివ్వాలి కదా, అప్పటికి కూర చల్లారేది, తినబుద్ధి అయ్యేది కాదు. పిల్లి లావైంది, ఫాతిమా బీ చిక్కింది. చిక్కినందుకు కోచ్ పిల్ల ఆమె ఫోటో తీసి సెంటరు గోడకు అంటించింది.

కోడలు మెట్లెక్కి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. గట్టిగా కూడా అరవలేదు. ఆ ఫోటో ముందు నిలబడి, "మా అత్తకు జహర్ పెట్టింది నేనేనా? అడుగుదామని వచ్చిన," అన్నది. సారు అప్పటికప్పుడు ఫాతిమా బీని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆమెకు పాలపొడి పడదనీ, షుగరు మాత్రలు వేసుకుంటూ ఎవరినీ అడగకుండా ఇట్లాంటివి మొదలుపెట్టొద్దనీ డాక్టరు చెప్పాడు. షేక్ మానితే విరేచనాలు ఆగాయి. కోచ్ పిల్లను సారు ఆ వారమే పంపించేశాడు. అత్తాకోడళ్లు కలిసిపోయారు కానీ, పిల్లి మాత్రం మొదటి ముద్ద తనకే రావాలని చాలా రోజులు పట్టుబట్టింది.

మీకు కూడా ఆ మాట నేర్పిస్తారు బిడ్డా. అనకండి. కడుపుకు పడట్లేదంటే పడట్లేదనే చెప్పండి. తగ్గించాలి, తగ్గకపోతే ఆపాలి, ఆపినా పోకపోతే, రక్తం కనపడినా జ్వరమొచ్చినా, డాక్టరు దగ్గరికి పంపాలి. షుగరు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లను ముందే డాక్టరును అడిగి రమ్మనాలి.

సాయన్న దేనికోసం వచ్చాడు

ఇక సాయన్న. మోస్రా పక్కన ఒక పల్లెలో చెరుకు రైతు. వినాయకుణ్ణి నీళ్లలో కలిపిన మరునాడు మోపెడ్ మీద వచ్చాడు. మనిషి కన్నా ముందు పొట్ట గదిలోకి వచ్చింది. కుర్చీలో కూర్చుని, దసరా నాటికి ఇది పోవాలి అన్నాడు.

ఎందుకని అడిగితే కథ చెప్పాడు. ఆయనకు ఒక్కడే తమ్ముడు, నర్సయ్య. ఇద్దరి ఇళ్లకు నడుమ ఒకటే గోడ, ఇద్దరి మళ్లకు ఒకటే బోరు. కొన్నేళ్ల కింద నర్సయ్య బిడ్డ పెండ్లయింది. సాయన్న పెద్దరికంగా అన్నిటికీ ముందు నిలబడ్డాడు. పెండ్లి వీడియో వచ్చాక ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తే, పుస్తె కట్టేటప్పుడు పొట్ట, తలంబ్రాలప్పుడు పొట్ట, అప్పగింతలప్పుడు పొట్ట. పెండ్లికూతురు తండ్రి ఎక్కడా కనపడలేదు. నర్సయ్య ఏదో అన్నాడు, సాయన్న ఏదో అన్నాడు, మాటలు బందయ్యాయి.

మాటలు బందైనా బోరు ఒకటే కదా. అందుకని ఇద్దరూ సాయన్న బర్రె ద్వారా మాట్లాడుకునేవాళ్లు. అది గోడ పక్కనే కట్టేసి ఉండేది. "ఓ బర్రె, మా మడి నిండింది, మోటరు బందు జెయ్యిమను," అని ఒకరు. "ఓ బర్రె, కరెంటు ఎప్పుడో పోయిందని చెప్పు," అని ఇంకొకరు. ఊరికి అది అలవాటైపోయింది. బర్రెకూ అలవాటైంది, మాట వినపడగానే తల అటు తిప్పేది.

కిందటి దసరాకు సాయన్నే ఒక మెట్టు దిగాడు. జమ్మి చెట్టు దగ్గర అందరూ ఆకు బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టి, గుండెకు గుండె ఆనించి అలయ్ బలయ్ చేసుకుంటున్నారు. సాయన్న చేతులు చాపి తమ్ముడి ముందు నిలబడ్డాడు. నర్సయ్య కూడా చేతులెత్తాడు. అంతలోనే ఊరంతా వినేటట్టు, "ఎట్ల జెయ్యాలె? నడుమ పొట్ట ఉన్నది. అది పక్కకు జరిగినంక చెప్పుమను," అన్నాడు. అందరూ నవ్వారు. సాయన్న పిడికిట్లో జమ్మి ఆకు అట్లే పట్టుకుని ఇంటికి పోయాడు.

ఇదంతా చెప్పి ఆయన పొట్ట మీద చేయి పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు.

"వాడు నా ఎన్క పుట్టినోడు రాజక్క. పిల్లగానప్పుడు నా పొట్ట మీదనే పండేటోడు. ఇప్పుడు గా పొట్టే అడ్డమైందట."

సారు టేపు పెట్టి కొలిచాడు. "దసరాకు పోదు అన్నా. ఉగాదికి సూద్దాం," అని ఉన్నదున్నట్టు చెప్పాడు. సగం లోడు, ఒక పూట, నీళ్లల్లో అని కూడా చెప్పాడు. సాయన్న తల ఊపి, రోజూ బోధన్ రావడం కాదని డబ్బా ఇంటికి తీసుకుపోయాడు.

పెరిగిన టేపు

వారం తర్వాత కొలతకు వచ్చాడు. పొట్ట పెరిగింది. సారు నమ్మలేదు, టేపే పాడైందని కొత్త టేపు తెప్పించాడు. ఆ తర్వాతి వారం కొత్త టేపులో ఇంకా పెరిగింది. తట్టి చూస్తే డప్పు మోగినట్టు మోగుతోంది. చెరుకు తగ్గిస్తే రసం పెరుగుడేందని సారు తల పట్టుకున్నాడు. మా ఆడబిడ్డ ఇల్లు ఆ ఊళ్లోనే, ఎట్లాగూ పండుగ మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మకు పోతున్నాను కాబట్టి, ఒకసారి వాళ్లింట్లో చూసి రమ్మన్నాడు.

నేను పోయేసరికి సాయన్న మూడు జొన్న రొట్టెలు పప్పుతో తిని చేయి కడుగుతున్నాడు. ఆయన భార్య భూమవ్వ పెద్ద ఇత్తడి చెంబు నిండా బర్రెపాలు పోసి, బెల్లం గడ్డ వేసి, డబ్బాలోంచి పొడి పిడికిళ్లతో తీసి కలుపుతోంది. సాయన్న చెంబు ఎత్తి, కషాయం మింగినట్టు ఊపిరి తీయకుండా ఒక్క గుక్కలో తాగేశాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఇదే పనట.

నీళ్లల్లో కలపమన్నాం కదా అని భూమవ్వను అడిగాను. ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది, ఎవరైనా వింటారేమోనని.

"పాడి ఉన్న ఇల్లు అక్కా మాది. పాలు ఉన్నంక నీళ్లు ఎట్ల కలుపుతం? మా మామ బతికున్నన్నినాళ్లు పాలల్ల చుక్క నీళ్లు కలపలేదని ఊరంత చెప్పుకుంటరు. గాయన పేరు జెడగొడుదునా?"

సరే, బువ్వ బదులు తాగాలి కదా, రొట్టెలెందుకు అన్నాను. ఈసారి సాయన్న జవాబిచ్చాడు.

"నమిలింది బువ్వ, తాగింది చాయ్ లెక్క. చాయ్ తాగి బువ్వ బందు పెట్టినోణ్ని సూసినవా నువ్వు?"

చాయ్ మాట వదిలేసి ఇంకోటి అడిగాను. మరి సగం లోడు సంగతేమిటంటే, అది చెరుకు సంగతి కదా, ఈసారి ఫ్యాక్టరీకి బండి సగమే నింపాలని సారు చెప్పాడేమో అనుకున్నాడట. ఏ ఫ్యాక్టరీ అని కూడా అడగలేదు. ఊరికే తల ఊపి వచ్చాడు.

మేం ఇట్లా మాట్లాడుతుండగానే సాయన్న కడుపు ఒకసారి గట్టిగా గుడగుడలాడింది. గోడ అవతలి నుంచి నర్సయ్య గొంతు వినిపించింది.

"ఓ బర్రె, పొద్దుగాల్నుంచి ఉరుముతున్నది, వాన పడుతలేదేందని అడుగు."

బర్రె తల తిప్పి సాయన్నను చూసింది. సాయన్న నేల చూశాడు. ఆ మొహం చూస్తే నాకు నవ్వు రాలేదు బిడ్డా.

చెంబు పక్కన పెట్టించాను. పండుగ పోయేదాకా షేక్ ముట్టొద్దన్నాను. మామూలు తిండి కొంచెం తక్కువగా తిని, నీళ్లు తాగి, చెరుకు గట్ల మీద రెండు పూటలా నడవమన్నాను. దసరాకు పోతుందా అని మళ్లీ అడిగాడు. గాలి పోతుంది, కొవ్వు పోదు అన్నాను. ఆయన నన్నే చూస్తూ, "గాలి పోయినా సాలు రాజక్క. రెండు చేతులు అందాలె, గంతే," అన్నాడు.

జమ్మి దగ్గర

తొమ్మిది రోజుల బతుకమ్మ అయింది. సాయన్న నేను చెప్పినట్టే విన్నాడు, డప్పు మెత్తబడింది, చాలావరకు దిగింది. కానీ ఆశ ఊరుకోదు కదా. దసరా పొద్దున మొలతాడు పట్టుకుని చూసుకుంటే ఇంకొంచెం దిగితే బాగుండుననిపించిందట. భూమవ్వ పిండివంటల్లో ఉండగా డబ్బాలో మిగిలిన పొడంతా చెంబెడు పాలలో కలిపి ఎత్తేశాడు. దాని మీద పండుగ భోజనం చేశాడు.

సాయంత్రం ఊరంతా జమ్మి చెట్టుకు పోతుంటే మా ఆడబిడ్డతో నేనూ పోయాను. సాయన్న తెల్ల బట్టలు వేసుకుని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, నిండు కుండ మోస్తున్నట్టు నడిచి వస్తున్నాడు. చూడగానే నాకు అర్థమైంది. భూమవ్వ మొహం కూడా తెల్లబోయి ఉంది. ఆగిపొమ్మని సైగ చేశాను. ఆయన నన్ను చూడలేదు. తమ్ముణ్ణే చూస్తున్నాడు.

నర్సయ్య ముందే వచ్చి నిలబడ్డాడు. కిందటేడాది నవ్విన జనమంతా మళ్లీ చుట్టూ చేరారు. నర్సయ్య వంగి అన్న కాళ్లు మొక్కాడు. చేతిలో జమ్మి పెట్టాడు. ఈపాటి చేయకపోతే ఊరు మాటంటుంది. ఆ తర్వాత లేచి ఊరికే నిలబడ్డాడు. కిందటేటి మాట ఆయనకూ ముల్లులాగే ఉండి ఉంటుంది, మళ్లీ అనలేడు, వెనక్కి తీసుకోలేడు. సాయన్న చేతులు చాపాడు. ఎంత చాపినా తమ్ముడి వీపు దాకా రాలేదు. అప్పుడు నర్సయ్యే కళ్లు మూసుకుని, ఒక అడుగు ముందుకేసి, అన్నను బలంగా హత్తుకున్నాడు.

ఆ వచ్చిన చప్పుడు నేను నోటితో చెప్పలేను. చెట్టు మీది పిట్టలు లేచిపోయాయి. ముందు సన్నగా మొదలై, మెల్లమెల్లగా పెరిగి, అట్లే సాగి, ఎక్కడా తెగకుండా పోయింది. జనం నవ్వడం కూడా మర్చిపోయి చూస్తున్నారు. సాయన్న మొహం నల్లబడింది. విడిపించుకుని పారిపోవాలని చూశాడు. నర్సయ్య వదల్లేదు. అన్న భుజం మీద గడ్డం ఆనించుకునే, ఎన్నో ఏళ్ల తర్వాత బర్రె లేకుండా, నేరుగా అడిగాడు.

"అన్నా, మల్ల ఫ్యాక్టరీ షురువైందా? సైరన్ మోగుతున్నది."

ఆ చుట్టుపక్కల చెరుకు వేసినవాళ్లంతా ఆ సైరన్ విని పొద్దులు లెక్కపెట్టుకున్నవాళ్లే. అది ఆగి చాలా కాలమైంది. మొదట సాయన్నకే నవ్వొచ్చింది. నవ్వితే సైరన్ మళ్లీ మోగింది. అది విని నర్సయ్య నవ్వాడు, నవ్వుతూ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు, అది ఇంకోసారి మోగింది. ఇద్దరికీ కళ్లల్లో నీళ్లు కారుతున్నాయి. చివరికి చూస్తే పొట్ట దిగిపోయి, నర్సయ్య తల అన్న పొట్ట మీదికి జారి ఉంది. సాయన్న ఆ తల మీద చేయి వేసి అట్లే నిలబడ్డాడు. అప్పుడు చూశాను, ఆయన రెండో చేయి తమ్ముడి వీపు మీదికి అందింది.

మరునాడు పొద్దున గోడ అవతలి నుంచి, "అన్నా, మోటరు బందు జెయ్యి," అని నేరుగా పిలుపు వచ్చిందట. అలవాటు కొద్దీ బర్రె తల తిప్పింది. దానికి ఎవరూ ఏమీ చెప్పలేదు. చాలా రోజులు ఆ వేళకు గోడ దిక్కు తిరిగి నిలబడి అరిచేదని భూమవ్వ చెప్పింది.

నేను బోధన్ పోయి జరిగిందంతా రామచందర్ సారుకు చెప్పాను, సగం లోడు మాట సాయన్నకు ఎట్లా చేరిందో కూడా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. కిటికీ దగ్గరికి పోయి ఫ్యాక్టరీ దిక్కు చూస్తూ, "మంచిగ మోగిందా?" అని అడిగాడు. ఊరంతా విన్నది సారూ అన్నాను. తల ఊపి, కొత్త టేపును జాగ్రత్తగా చుట్టి సొరుగులో పెట్టాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు రోలర్ల సంగతి చెప్పడం మానలేదు కానీ, చెప్పాక నా వైపు తిరిగి, ఇప్పుడు మనిషి మాటల్ల చెప్పు రాజవ్వా అనేవాడు.

సాయన్న నీళ్లల్లో సగం పొడితో మళ్లీ మొదలుపెట్టాడు, ఉగాది నాటికి మొలతాడు ఒక ముడి బిగించాడు. అంతకన్నా ఎక్కువ తగ్గలేదు. తమ్ముడు ఒద్దన్నాడట.

పొద్దుపోయింది, ఇక లేవండి బిడ్డా. మీరు పోయే ప్రతి ఇంట్లో ముందు వాళ్లు దేన్ని బువ్వ అంటారో అడిగి తెలుసుకోండి, ఆ తర్వాతే డబ్బా తెరవండి. మీ పొయ్యి ఆరకుండా ఉండాలి, మీ పెద్దల కడుపు చల్లగా, మీ పిల్లల కడుపు తేలికగా ఉండాలి. మీ ఇంట పాడి నిండాలి, బాత్రూం గడియ గట్టిగా పడాలి. ఇళ్ల నడుమ గోడ ఉంటే ఉండనీ, మీ పిలుపు దాన్ని దాటాలి. మీ చేతులు ఎప్పుడూ మీవాళ్ల వీపు దాకా అందాలి.